లైవ్‌లో సంఘం, లెక్కలో లేని జనం

పోయిన భాగంలో హాస్టళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఈ భాగం చర్చి చేతిలో ఉన్న ఫోన్ గురించి.

ఈ మధ్య ఏ పల్లెకి మీటింగుకి పోయినా, అంతా అయ్యాక టీ కొట్టు దగ్గర ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు నన్ను పక్కకి పిలిచి ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మా సంఘానికి యూట్యూబ్ ఛానల్ పెట్టాం. ఫేస్‌బుక్ పేజీ ఉంది, ఇన్‌స్టా ఉంది. ఆదివారం ఆరాధన లైవ్ ఇస్తున్నాం. నలభై మంది కూడా చూడట్లేదు. రీచ్ పెరగాలంటే ఏం చెయ్యాలి?"

అడిగేది మంచి పిల్లలు. పగలంతా కాలేజీలోనో షోరూంలోనో గడిపి, శనివారం అర్ధరాత్రి దాకా కూచుని ఎడిటింగ్ చేస్తారు. రీఛార్జి సొంత డబ్బు. సంఘం వాళ్ళకి రూపాయి ఇవ్వదు. పైగా సౌండ్ సరిగా రాలేదని అయ్యగారు అందరి ముందూ కసురుకుంటారు. వాళ్ళ కష్టం మీద గౌరవంతోనే ఇది రాస్తున్నా. ఏ టైములో పోస్ట్ పెట్టాలి, ఏ రంగు అక్షరాలు వాడాలి అనే చిట్కాలు చెప్పి పంపించేస్తే వాళ్ళని తక్కువ చేసినట్టే.

ఒక మాట ముందే. నా గొడవ మీ విశ్వాసంతో కాదు. నచ్చిన దేవుణ్ణి నమ్ముకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలో ఉంది, అది ఎవడూ వేసిన భిక్ష కాదు. నా గొడవ కెమెరాతో. అది ఎవరి వైపు తిరిగి ఉంది, దానివల్ల లాభం ఎవరికి, నష్టం ఎవరికి? ఈ మూడు ప్రశ్నలు అడక్కుండా రీచ్ పెంచుకోవడం అంటే మన ఇంటి తలుపు మనమే తీసిపెట్టి దొంగని రమ్మనడం. ఎందుకో వివరంగా చెప్తాను.

అసలు సంఘం అంటే ఎవరు?

తెలుగు నేల మీద చర్చి అంటే ఎక్కువగా పల్లె. రెడ్డి కేథలిక్కులున్నారు, ఇంకొన్ని పై కులాల క్రైస్తవులున్నారు, కాదనను. కానీ గుంటూరు, ప్రకాశం, కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఆదివారం పూట చాపల మీద కూచుని కీర్తన అందుకునే జనంలో ఎక్కువ మంది మాలలు, మాదిగలు. వాళ్ళలోనూ ఆడవాళ్ళు ఎక్కువ. వారమంతా మిరపచేలో, పత్తిచేలో వంగిన నడుములు ఆదివారం ఒక్కపూట నిటారుగా కూచునే చోటు అది.

ఆ సంఘం ఎలా పెరిగిందో గుర్తు చేసుకోండి. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దాయన 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయనది తోళ్ళ వ్యాపారం. తోళ్ళ కోసం ఊరూరా తిరిగేవాడు, తిరిగిన ప్రతి పల్లెలోనూ చుట్టాలుండేవాళ్ళు. ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టు సంఘం ఆ తోళ్ళ దారుల్లోనే, ఆ చుట్టరికాల వెంటే పాకింది. తర్వాత 1876–78 కరువొచ్చింది. క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో మాడుతున్న జనానికి పని చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అప్పుడు పేజీ లేదు, పోస్టర్ లేదు. దొర ఒక్కడే ఊరూరూ తిరిగి అంతమందిని చేర్చగలిగేవాడా? మన మాట మన నోటే పాకింది. కూడు గురించి, కూలి గురించి, తలెత్తుకుని నిలబడడం గురించి కబురది. అందుకే జనం పట్టుకున్నారు. ఇవాళ ట్రైనింగులిచ్చేవాళ్ళు ఎంగేజ్‌మెంట్ అని పెద్ద మాట వాడుతున్నారే, మన తాతలకి అది చెప్పు కుట్టినంత సహజంగా తెలిసిన పని.

ఇప్పుడు మన పేజీలు తెరవండి.

థంబ్‌నెయిల్లో సగం అయ్యగారి ముఖం. మిగతా సగం ఎర్ర బాణం గుర్తు, పసుపు అక్షరాల్లో ఈ రాత్రి మీ ఇంట అద్భుతం. కింద అయ్యగారి పెళ్ళిరోజు. దాని కింద ఎమ్మెల్యే గారికి జన్మదిన శుభాకాంక్షలు. దాని కింద కొత్త మందిరం మీద డ్రోన్ షాటు. దాని కింద స్వస్థత కూటంలో ఒక తల్లి స్పృహ తప్పి పడిపోతుంటే ఆమె మీదకి జూమ్. కొంగు జారినా కెమెరా పక్కకి తిరగదు. జనం ఎక్కడున్నారంటే వెనక నుంచి తీసిన తలకాయల్లో ఉన్నారు. లెక్క ఎక్కువ కనపడాలి కదా.

దీని వెనక ఇంకో లెక్క ఉంది. యూట్యూబులో ప్రకటనల డబ్బులు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణం ఉండాలి. షార్ట్స్‌కి వేరే లెక్క. ఆ గంటలు నిండాలంటే నెమ్మదిగా వాక్యం చెప్తే సరిపోదు. భయపెట్టాలి, ఏడిపించాలి, అద్భుతం చూపించాలి. కేన్సర్ పోయింది, షుగర్ పోయింది అని వీడియో పెట్టే ముందు ఎవరికీ గుర్తురాని సంగతి ఒకటుంది. అలాంటి రోగాలు మంత్ర తంత్రాలతో నయమవుతాయని ప్రచారం చెయ్యడాన్ని నిషేధిస్తూ 1954 నుంచి ఈ దేశంలో చట్టం ఉంది. ఆ వీడియో చూసి మాత్రలు మానేసిన ముసలమ్మ మన పల్లెలోనే ఉంటుంది. ఛానల్ పెట్టినోడి ఇంట్లో ఉండదు.

కిందటేడు ఒక పెద్ద క్రైస్తవ సంస్థ పాస్టర్లకీ, యూత్ లీడర్లకీ సోషల్ మీడియా శిక్షణ పెట్టింది. పేరు అనవసరం. ఒక మిత్రుడు రమ్మంటే నేనూ వెళ్ళి వెనక బెంచీలో కూచున్నా. చెప్పినతను చదువుకున్నవాడే. మొదటి మూడు సెకన్లలో చూసేవాణ్ణి పట్టుకోవాలన్నాడు. వారానికి ఇన్ని పోస్టులు తప్పకూడదన్నాడు. అడిగినవాళ్ళకి అదే రోజు జవాబివ్వాలన్నాడు. బాగానే ఉంది. తర్వాత చెయ్యకూడనివి అని ఒక స్లైడ్ వేశాడు. మొదటిది రాజకీయం. రెండోది కులం.

"కులం ఎత్తితే రీచ్ పడిపోతుంది బ్రదర్. అంతా పాజిటివ్‌గా ఉంచండి" అన్నాడు.

లేచి అడిగాను. "ఈ హాల్లో ఉన్నవాళ్ళలో కులం దెబ్బ తినకుండా ఈ మతంలోకి వచ్చిన కుటుంబాలు ఎన్నండీ?"

ఒక్క చెయ్యీ లేవలేదు. "అది వేరే సబ్జెక్ట్ బ్రదర్" అని అతను తర్వాత స్లైడుకి పోయాడు.

వేరే సబ్జెక్ట్ కాదు. అదే సబ్జెక్ట్. ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా చదవండి, ముఖ్యంగా ఎస్సీ సర్టిఫికెట్ మీద చదువుకుంటున్న పిల్లలు.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. షెడ్యూల్డ్ కులాలు ఏవో చెప్పే ఉత్తర్వు అది. అందులో మూడో పేరా ఏం చెప్పిందంటే, హిందూ మతం కాక వేరే మతం పాటించేవాణ్ణి ఎస్సీగా ఎంచకూడదని. 1956లో సిక్కుల్ని చేర్చారు. 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇవాళ్టికీ గడప బయటే. మన దగ్గర క్రైస్తవంలోకి వెళ్ళిన ఎస్సీల్ని బీసీ–సీ లో వేసి 1 శాతం రిజర్వేషన్ చేతిలో పెట్టారు. 1977లో వచ్చిన జీవో 341 కొన్ని రాయితీలిచ్చింది కానీ ఎస్సీ హోదా ఇవ్వలేదు.

అందుకే మన పల్లెలో ఒక మనిషికి రెండు పేర్లు. బళ్ళో ఒక పేరు, గుళ్ళో ఒక పేరు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద క్రైస్తవులు నూటికి ఒకటిన్నర కూడా తేలలేదంటే కారణం ఇదే. జనం అబద్ధాలకోరులై కాదు. నిజం చెప్తే కూడు పోతుంది కాబట్టి.

ఇక కోర్టుల సంగతి. 2024 నవంబరులో సుప్రీం కోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళకి ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదని చెప్పింది. ఆమె బాప్తిస్మం తీసుకోవడం, చర్చికి క్రమంగా వెళ్ళడం, వీటినే సాక్ష్యంగా చూసింది. 2025 ఏప్రిల్ నెలాఖర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది. క్రైస్తవంలోకి మారినవాడికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదంది. చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఆ రక్షణ రాదంది. ఇక సర్టిఫికెట్ సంగతంటారా, తప్పుగా తీసుకున్నారని తేలితే దాన్ని రద్దు చేసే అధికారం మన దగ్గర 1993 చట్టం కింద జిల్లా కలెక్టరుకి ఉంది. విచారణకి కావలసింది ఒక ఫిర్యాదు, కొంచెం సాక్ష్యం.

ఆ సాక్ష్యం ఎవరిస్తున్నారు? మన పేజీ ఇస్తోంది.

ఒక అమ్మాయిని ఊహించుకోండి. డిగ్రీ మూడో సంవత్సరం. యూత్ రిట్రీట్‌లో అందరి ముందూ నిలబెట్టి మైకిచ్చారు. పేరు చెప్పింది, ఊరు చెప్పింది, నాన్న ఏం చేస్తాడో చెప్పింది, ఏ రోజున బాప్తిస్మం తీసుకుందో చెప్పింది. జనం హల్లెలూయ అన్నారు. ఆ నాలుగు నిమిషాలు కోసి, పాట కలిపి, ఆమె ముఖం థంబ్‌నెయిల్ చేసి అప్‌లోడ్ చేశారు. మూడేళ్ళ తర్వాత గ్రూప్స్ రాసింది, సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కి వచ్చింది. ఊళ్ళో పొలం గట్టు తగాదా ఉన్నవాడో, ఆ ఉద్యోగం మీద కన్నున్నవాడో ఆ వీడియోని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కలెక్టరాఫీసు మెట్లెక్కాడు. ఇప్పుడు ఆ అమ్మాయి తరఫున ఎవరు నిలబడతారు? అప్పుడు హల్లెలూయ అన్నవాళ్ళలో ఎంతమంది ఆమె వెంట ఆఫీసుకి వెళ్తారు? వీడియో పెట్టిన అయ్యగారు వెళ్తారా?

అమ్మాయే కాదు. రిజర్వుడు సీట్లో సర్పంచిగా నిలబడ్డ కూలి మనిషి ఉంది. అట్రాసిటీ కేసు పెట్టిన కుటుంబం ఉంది. అవతలి లాయరు చేతికి బాప్తిస్మం వీడియో దొరికితే కేసు ఎటు పోతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. నలభై మందే చూస్తున్నారని బాధపడుతున్నావే తమ్ముడూ, ఆ నలభైలో డౌన్‌లోడ్ చేసుకునేవాడు ఒక్కడు చాలు.

ఇక్కడ ఇద్దరు లేచి నాతో తగువు పెట్టుకుంటారని తెలుసు.

మొదటివాడు విశ్వాసి. "అయితే దేవుణ్ణి దాచుకోమంటావా? ఆదిమ సంఘం సింహాల ముందు నిలబడింది. నువ్వు సర్టిఫికెట్ కోసం పిరికితనం నేర్పుతున్నావు" అంటాడు. సోదరా, ధైర్యం గురించి మాట్లాడే ముందు దాని ఖరీదు ఎవరు కడుతున్నారో చూడు. రెడ్డి క్రైస్తవుడు లైవులో గొంతెత్తి ప్రార్థన చేస్తే అతని పొలం పోదు, కులం పోదు, పెళ్ళి సంబంధం పోదు. మైకు ముందున్న పెద్ద దైవజనుడికి సంస్థ ఉంది, ట్రస్టు ఉంది, లాయరున్నాడు. నష్టపోయేది చాప మీద కూచున్నవాడి కూతురు. సింహాల ముందుకి తాను వెళ్తే అది విశ్వాసం. పక్కవాడి కూతుర్ని తోస్తే దానికి వేరే పేరుంది. ఆమె చెప్పుకుంటానంటే చెప్పుకోనీ. జరగబోయేది ముందే తెలిసి, తన నోటితో, తన ఇష్టంతో చెప్తే ఆమె కాళ్ళకి దండం పెడతా. ఆమెకి తెలియకుండా ఆమె బతుకుని సబ్‌స్క్రైబర్ల కోసం ఎరగా వాడొద్దంటున్నా.

రెండోవాడు మన శత్రువు. "చూశారా, మోసం చేస్తున్నామని వాళ్ళే ఒప్పుకుంటున్నారు" అంటాడు. మోసం ఎవరిది? నీళ్ళలో మునిగి లేచేసరికి అంటరానితనం కడుక్కుపోతుందని మూడో పేరాలో రాసుకున్న రాజ్యానిది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు గొడ్డలి పట్టినవాడు నీ మతమేంటని అడిగాడా? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మాలల్ని నరికి గోతాల్లో కుక్కి కాలవల్లో పడేసినప్పుడు బాప్తిస్మం రికార్డు చూశాడా? కులం చూశాడు, కొట్టాడు. ఊళ్ళో రెండో గ్లాసుకి మతం పట్టింపు లేదు. చర్చిల్లోనే చూడండి. పెళ్ళి సంబంధాలు ఏ కులంలో వెతుకుతున్నారు? కమిటీ ఎన్నికలొస్తే మాల ప్యానెలు, మాదిగ ప్యానెలు ఎందుకు పుడుతున్నాయి? మతం మారినా కులం వెంటే వస్తుందని మనకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇదే చెప్పింది. ఎస్సీ హోదాని మతంతో ముడిపెట్టొద్దంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లో ఒకసారి, 2023లో ఇంకోసారి దళిత క్రైస్తవుల్ని ఎస్సీలుగా గుర్తించమని తీర్మానం చేసింది. కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసి, రెండేళ్ళలో నివేదిక ఇమ్మని చెప్పి, గడువు పొడిగిస్తూ కూచుంది.

ఇప్పుడు చర్చిని అడుగుతున్నా. ఈ సంగతుల్లో ఒక్కటైనా మీ పేజీలో ఎప్పుడైనా పెట్టారా?

ఆగస్టు 10ని బ్లాక్ డేగా పాటించమని దేశంలోని పెద్ద క్రైస్తవ సంస్థలే ఏళ్ళుగా పిలుపిస్తున్నాయి. నవంబరులో ఒక ఆదివారాన్ని దళిత విమోచన ఆదివారం అంటున్నాయి. ఆ రోజుల్లో మన ఊరి సంఘం పేజీ తెరిస్తే ఏముంటుంది? మూడు రాత్రుల ఉజ్జీవ కూటాల బ్యానరు. 2022లో పూల అంథోని గారు కార్డినల్ అయినప్పుడు దళితుల్లోంచి మొదటి కార్డినల్ అని దేశమంతా రాసింది. మన పేజీల్లో అభినందనలు పెట్టారు, ఆ దళిత అన్న మాట ఎగరగొట్టి పెట్టారు. కారంచేడు జనం ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల పారిపోయినప్పుడు తలదాచుకున్నది చర్చి ఆవరణలోనే. ఒక మహా ఉద్యమానికి శిబిరమైన చోటది. చర్చి తన గురించి గర్వంగా చెప్పుకోదగ్గ కథ అంతకన్నా ఏముంది? ఆ కథ చెప్పరు. ఎందుకంటే అందులో కులం ఉంది. రీచ్ పడిపోతుంది.

తిరకాసు ఇక్కడుంది. నోరు విప్పాల్సిన సంస్థ మూగదైపోయింది. జాగ్రత్తగా ఉండాల్సిన మనిషిని కెమెరా ముందు నిలబెట్టింది. ఇది తలకిందులు కావాలి. సంస్థ తన పేరుతో, తన బోర్డుతో, తన లెటర్‌హెడ్డుతో గొంతెత్తాలి. మనిషి ముఖం మనిషి ఇష్టానికి వదిలెయ్యాలి.

మరి పేజీ ఎలా నడపాలి? అడిగారు కాబట్టి చెప్తున్నా.

1. ముందు వెనక్కి వెళ్ళండి. ఇప్పటిదాకా పెట్టిన వీడియోలన్నీ కూచుని చూడండి. బాప్తిస్మాలు, పేరూ ఊరూ చెప్పిన సాక్ష్యాలు, పడిపోయిన ఆడవాళ్ళు, పిల్లలు. అవన్నీ ప్రైవేటులో పెట్టండి. తర్వాత ఒక్కొక్కరింటికీ వెళ్ళి అడగండి. ఉంచమన్నవాళ్ళవి ఉంచండి, వద్దన్నవి తీసెయ్యండి. ఎవడో ఇప్పటికే కాపీ చేసుకుని ఉండొచ్చు. అయినా తలుపు మూయాల్సిందే.

2. అడగడం ఇంటి దగ్గర అడగండి, స్టేజి మీద కాదు. సంఘమంతా చూస్తుండగా అయ్యగారు మైకులో "పెట్టమంటావా అమ్మా" అంటే ఏ ఆడమనిషి వద్దంటుంది? అది ఎక్కడికెళ్తుందో, ఎవరు చూస్తారో, మూడో పేరా అంటే ఏంటో చెప్పి అడగండి. రేపు మనసు మార్చుకుంటే తీసేస్తామని మాటివ్వండి. సండే స్కూలు పిల్లల ముఖాలు అసలు వద్దు.

3. గొంతు వినిపించండి. మన దగ్గర ఉన్న సంపద ముఖాలు కాదు, పాట. డప్పు మీద కీర్తన పాడే పెద్దమ్మ గొంతు రికార్డు చెయ్యండి, చేతులు చూపించండి, ఆమె కావాలంటేనే ముఖం. ఎనభై దాటిన ముసలాళ్ళని కూచోబెట్టి అడగండి. ఈ గుడి గోడ ఎవరు మోశారు? ఊరి బావిలో నీళ్ళు ఎప్పటిదాకా తోడుకోనివ్వలేదు? మొదటిసారి బడికెళ్ళిందెవరు? వాళ్ళు పోతే ఆ చరిత్ర పోతుంది. ఇలాంటి ఐదు నిమిషాల ఆడియోని పల్లె పల్లెకీ వాట్సాపులో పంపుకుంటారు. పేరయ్య తోళ్ళ దారి ఇప్పుడది.

4. పల్లెకి పనికొచ్చేది పెట్టండి. స్కాలర్‌షిప్ దరఖాస్తుకి ఆఖరి తేదీ. హాస్టల్లో సీట్లున్నాయో లేదో. ఉపాధి హామీ కూలి పడిందో లేదో. శ్మశానం స్థలం సర్వే నంబరు. ఇంటి పట్టాకి ఏ కాగితాలు కావాలి. వాక్యం పక్కనే ఇవి కూడా ఉంటే జనం రోజూ పేజీ తెరుస్తారు. తెరవమని బతిమాలక్కర్లేదు.

5. కానుకల లెక్క నెలనెలా పేజీలో పెట్టండి. ఇంత వచ్చింది, ఇంత ఖర్చయింది, సౌండ్ సిస్టంకి ఇంత, విధవరాలి ఇంటికి ఇంత. ఏ ట్రైనరూ ఈ చిట్కా చెప్పడు. చేసి చూడండి. నమ్మకం ఎలా పెరుగుతుందో మీకే తెలుస్తుంది. లెక్క పెట్టడానికి అయ్యగారు ఒప్పుకోకపోతే అది కూడా మీకు తెలియాల్సిన విషయమే.

6. తేదీలు మర్చిపోవద్దు. ఏప్రిల్ 14, జూలై 17, ఆగస్టు 6, ఆగస్టు 10, డిసెంబర్ 6. ఆ రోజుల్లో సంఘం పేరు మీద, పెద్దల సంతకంతో ఒక్క పేజీ ప్రకటన. మూడో పేరా తీసెయ్యాలని. ఏ విశ్వాసి ఫొటో అక్కర్లేదు. బోర్డు మీద సంఘం పేరుంటే చాలు.

7. పేజీ తాళం ఒక్కడి చేతిలో ఉండకూడదు. అయ్యగారి బామ్మర్ది ఒక్కడే అడ్మిన్ అయితే అది సంఘం పేజీ కాదు, ఇంటి పేజీ. ముగ్గురుండాలి. వాళ్ళలో ఒక ఆడమనిషి తప్పనిసరి. మాలలూ మాదిగలూ కలిసి ఉన్న సంఘమైతే ఇద్దరి చేతుల్లోనూ పాస్‌వర్డ్ ఉండాలి. వర్గీకరణ గొడవలో ఒకళ్ళనొకళ్ళు బ్లాక్ చేసుకున్న చెల్లాచెదురు సంఘాలు ఎన్నో. కనీసం ఇక్కడన్నా ఒకే బల్ల దగ్గర కూచోండి.

ఇవన్నీ చేస్తే వ్యూస్ పెరుగుతాయా? పెరగొచ్చు, తగ్గొచ్చు. అద్భుతాల వీడియోలకొచ్చినంత మంది రాకపోవచ్చు. నేనైతే వేరే లెక్క చూస్తాను. ఈ నెల పేజీ చూసి తన కష్టం చెప్పుకోవడానికి ఎంతమంది వచ్చారు? స్కాలర్‌షిప్ గడువు దాటకుండా ఎంతమంది అప్లై చేశారు? సర్టిఫికెట్ మీద నోటీసొచ్చిన పిల్ల వెంట ఎంతమంది కలెక్టరాఫీసుకి వెళ్ళారు? ఇది దశమభాగం ఇచ్చే కూలితల్లికి సంఘం చెప్పాల్సిన లెక్క.

మనకి మాధ్యమం కొత్త కాదు. అంబేడ్కర్ 1920 జనవరి 31న పత్రిక మొదలుపెట్టి దానికి మూక్‌నాయక్ అని పేరు పెట్టుకున్నాడు. మూగవాళ్ళ నాయకుడని అర్థం. చేతిలో డబ్బు లేదు, చదివేవాళ్ళు తక్కువ. అయినా మన మాట మనమే అచ్చువేసుకోవాలని తెలిసినవాడు. 1931లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో భాగ్యనగర్ పత్రిక నడిపాడు. వినుకొండలో క్రైస్తవ ఇంట పుట్టిన జాషువా 1941లో గబ్బిలం రాసినప్పుడు, గుడిలోకి రానివ్వని మనిషి తన మొర మోసుకుపోవడానికి గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. గుళ్ళోకి దానికి అడ్డు లేదు కాబట్టి. వాళ్ళెవరూ రీచ్ పడిపోతుందని కులం మాట మింగలేదు. ఇవాళ ప్రతి పల్లె కుర్రాడి జేబులో వాళ్ళకెవరికీ లేనంత పెద్ద అచ్చుయంత్రం ఉంది. దాంతో అయ్యగారి పెళ్ళిరోజు వేసుకుంటూ కూచుంటే వాళ్ళ ముందు ఏం ముఖం పెట్టుకుని నిలబడతాం?

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఓ గంట కూచోండి. మీ ఛానల్లో ఉన్న వీడియోల జాబితా తియ్యండి. ఒక్కోదాని ఎదురుగా మూడు గడులు గీయండి. ఇందులో ఎవరున్నారు? వాళ్ళని అడిగామా? రేపు వాళ్ళ మీదకి ఎవడైనా వస్తే మనం వాళ్ళ వెంట ఉంటామా? మూడో గడిలో అవును అని రాయలేని ప్రతి వీడియో అదే రోజు తీసెయ్యండి. అది అయ్యగారికి ఎంత ఇష్టమైనదైనా సరే.

అభ్యంతరం పెడితే ఈ వ్యాసం ఆయన చేతికివ్వండి. జవాబు ఆయన పేరుతో రాయమనండి. నేనిక్కడే ఉంటా.

వచ్చే భాగం: శ్మశానం లేని పల్లెలు.

జై భీమ్.